పొలిమేరలో ఆగిన వెదురు

అడవి ఎక్కువ, అన్నం తక్కువ అయిన రాజ్యం ఒకటి ఉండేది. దాన్ని విజయకేతు మహారాజు ఏలేవాడు. కొండల నిండా వెదురే. పండిన గింజ మాత్రం ఆరు నెలలకు మించి వచ్చేది కాదు. మిగిలిన ఆరు నెలలూ జనం కడుపులోకి మెతుకు వెళ్ళాలంటే, కొండవెదురు కొంగలేటి మీద తేలిపోయి, పొలిమేర దాటి, పక్కనున్న మాగాణి దేశం చేరాలి. అక్కడ వరి పండుతుంది, వెదురు మొలవదు. వెదురిచ్చి వడ్లు తెచ్చుకోవడం తాతలనాటి కట్టుబాటు.

మేదర్లు వెదురు నరికేది అమావాస్య ముందు రోజుల్లో. అప్పుడైతే పురుగు పట్టదంటారు. బొంగుల్ని తెప్పలుగా కట్టి ఏట్లోకి తోసేది వానకాలం చివర, నీళ్ళింకా నిండుగా ఉన్నప్పుడు. ఆ అదను తప్పితే తెప్ప ఇసుకలో కూర్చుంటుంది, ఎండకు బొంగు పగులుతుంది.

ఇంత చక్కగా సాగుతున్న పనికి మహారాజుగారి గొప్పతనం అడ్డం వచ్చింది.

ఆయన చెడ్డవాడేం కాదు. కాకపోతే అన్నిటికీ తానే ముందుండాలి. గుళ్ళో హారతి ముందు ఆయన కళ్ళకద్దుకోవాలి. విందులో ముందు ఆయన విస్తరి తడవాలి. జలుబు చేసిన రోజుల్లో ఆయన తుమ్మేదాకా కొలువంతా ముక్కు పట్టుకుని కూర్చునేది. ఒకనాడు కొండతేనె చప్పరిస్తుండగా, ఈ తేనెనే పక్క దేశంలో ఎవడో తనకన్నా ముందు నాకి ఉంటాడన్న ఆలోచన వచ్చింది. ఆ పూట ఆయనకు భోజనం సయించలేదు. మర్నాడే దండోరా వేయించాడు: మా నేలన పుట్టిన సరుకు పక్క దేశంలో ఏ పనికి వాడతారో, ఆ పనికి ముందు మేము వాడాలి. ఆ తర్వాతే అది పొలిమేర దాటాలి.

కుంకుళ్ళు వచ్చిన రోజు తలంటుకున్నాడు. చీపుళ్ళు వచ్చిన రోజు సింహాసనం ముందు రెండు విసుర్లు విసిరాడు, కొలువు జయజయధ్వానాలు చేసింది. అంతవరకూ ఎవరికీ నష్టం లేదు.

తర్వాత వెదురు వంతు వచ్చింది. నలభై తెప్పలు పొలిమేర ఠాణా దగ్గర ఆగిపోయాయి. అక్కడి అధికారి ఏటికి అడ్డంగా మోకు కట్టించి, ప్రభువుల వాడకం కాలేదన్నాడు. కబురు విని మహారాజు సంబరపడ్డాడు. దసరాకు వెదురు మంటపం వేయించి అందులో కొలువు తీరతామని, ఆ తర్వాత తెప్పల్ని వదలమని సెలవిచ్చాడు. దసరా ఇంకా ఇరవై రోజులుంది. ఏట్లో నీళ్ళు నాలుగు రోజులకు మించి నిలిచేట్టు లేవు.

కొలువులో ప్రభువుల బిరుదులు చదివే ఉద్యోగం కొమ్మన అనే పడుచువాడిది. ముప్పై రెండు బిరుదులూ గుక్క తిప్పుకోకుండా చదివి, మధ్యలో సొంతంగా ఒకటి కలిపేవాడు. ఇంతవరకూ ఎవరూ పట్టుకోలేదు. వాళ్ళింటికి చేటలు అల్లి ఇచ్చే గౌరవ్వ మేదర్లకు పెద్దదిక్కు. ఆమె ఏటిగట్టు వెంట ఒక పగలంతా నడిచి వచ్చి వాడి గుమ్మంలో కూలబడింది.

"బాబూ, రాజుగారి మంటపం లేచేసరికి మా పొయ్యిలు ఆరిపోతాయి" అంది.

కొమ్మన మంచినీళ్ళిచ్చి, అవతలివాళ్ళు వెదురు దేనికి కొంటారో చెప్పమన్నాడు. ఇళ్ళకప్పులకీ, నిచ్చెనలకీ, గాదెలకీ అంది. అవి కాక ఊరికి రెండేసి పచ్చిబొంగులు విడిగా కొని ఊరి చివర పాకలో దాచుకుంటారట.

"అవి దేనికవ్వా?"

గౌరవ్వ గొంతు తగ్గించి చెప్పింది. మొన్న పొలిమేర అవతల జరిగిన సంగతి కూడా చెప్పింది. వింటున్నకొద్దీ కొమ్మన ముఖంలోని కొంటెతనం ఎటో పోయింది. ఆ రాత్రే ఆమెను బండెక్కించి వెనక్కి పంపాడు.

మర్నాడు కొలువులో వాడు బిరుదులు చదవలేదు. రెండు పచ్చిబొంగులూ, కొబ్బరితాడూ, స్నానం చేసి వచ్చిన నలుగురు మనుషులూ వాడి వెనక ఉన్నారు. చేతిలో ఒక నూలుపోగు.

"దసరాదాకా ఆగలేకపోయావా, కొమ్మనా?" అన్నాడు మహారాజు ముచ్చటపడుతూ.

"మంటపం ఒక వాడకం ప్రభూ. ఇది వేరే వాడకం. ఆజ్ఞ ప్రకారం దీనికీ తమరే ముందు."

మహారాజు ఛాతీ విరుచుకుని నిలబడ్డాడు. కొమ్మన నూలుపోగుతో ఆయన్ని నడినెత్తి నుంచి పాదాలదాకా కొలిచాడు. ఆ కొలతకు బొంగులు పరిచి, అడ్డబద్దలు పెట్టి, తాడు బిగించడం మొదలుపెట్టాడు. చూస్తున్నవాళ్ళలో ఒకరిద్దరు అదేమిటో గుర్తుపట్టి వెనక్కి జరిగారు. మహారాజుకు మాత్రం ఇంకా తట్టలేదు.

"పల్లకీయా?"

"ఎక్కించేవరకూ అలాంటిదే ప్రభూ. నలుగురు మోస్తారు, ముందు డప్పులుంటాయి, ఊరంతా వెంట నడుస్తుంది. దిగడం మాత్రం ఉండదు."

మంత్రి భైరవయ్య కత్తి పిడి మీద చెయ్యి వేశాడు. మహారాజు అటు చూడకుండానే చెయ్యెత్తి ఆపాడు. మొదలుపెట్టాడు కాబట్టి కొమ్మనకు పూర్తి చేయక తప్పలేదు.

"పొలిమేర అవతల ఒక పల్లెలో మొన్న ఒక ముసలమ్మ పోయింది ప్రభూ. వాళ్ళ పాకలో ఉన్న పాత బొంగులు అంతకుముందే ఒకరికి అయిపోయాయట. కొడుకులు మన ఠాణాకు వచ్చి రెండు బొంగులు అడిగారు. ప్రభువుల వాడకం కాలేదని అధికారి ఇవ్వలేదు. ఆయన తప్పు లేదు, ఆజ్ఞ అలా ఉంది. ఇంటి తలుపు ఊడదీసి, దాని మీద తల్లిని మోసుకెళ్ళారు." వాడు తల వంచాడు. "ఈ ఒక్క పనిలో తమకన్నా ముందు వెళ్ళినందుకు ఆ ముసలమ్మను క్షమించమని అడగడానికి వచ్చాను."

మహారాజు కింద పడి ఉన్న నూలుపోగును వంగి అందుకున్నాడు.

"ఎంతుంది కొలత?" అని అడిగాడు.

"ఎవరి మూరతో వాళ్ళు మూడున్నర మూరలే ప్రభూ. మీరూ అంతే. ఆమే అంతే."

మహారాజు మెల్లగా వెళ్ళి సింహాసనం మెట్టు మీద కూర్చున్నాడు. కూర్చున్నవాడు భుజాలు కదిలేలా నవ్వడం మొదలుపెట్టాడు. మొదట ఆయనొక్కడే నవ్వాడు, మిగతావాళ్ళకు ధైర్యం చాలలేదు. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నాడు. ఆ తడి అంతా నవ్వుదే అని చెప్పలేం.

"ఈ వాడకానికి మాకు తొందర లేదు కొమ్మనా. ముందు అందరినీ వెళ్ళనీ, మేము వెనక వస్తాం. తేనెకైనా, చీపురుకైనా ఇకమీదట ఇదే మాట" అన్నాడు. ఒంటి మీది పట్టుశాలువా తీసి వాడికి కప్పాడు. తన గుర్రాన్నే ఇప్పించి, దాన్ని తిరిగి ఇవ్వక్కర్లేదని, ఆజ్ఞ మాత్రం పొద్దు వాలేలోగా పొలిమేర చేరాలని చెప్పాడు.

గుర్రం నురగలు కక్కుతూ ఠాణా చేరింది. అధికారి ఆజ్ఞ చదివి, మోకు తానే కోశాడు. తెప్పలు ఒకటొకటిగా కదిలాయి. చివరి మూడింటి కిందా ఇసుక గరగరలాడింది. మేదర్లతో పాటు కొమ్మన కూడా శాలువా నడుముకు బిగించి ఏట్లోకి దిగాడు. గౌరవ్వ గట్టు మీది నుంచి "ఊఁ, ఇంకొక్క పట్టు బాబూ" అంటుంటే, అంతా కలిసి భుజాలానించి తోశారు. నలభయ్యో తెప్ప ఇసుక వదిలి, ఒక్కసారి ఊగి, అవతలి దేశపు నీళ్ళలోకి జారింది.