తువ్వాలు కింద సేన

జోగారావు మాస్టారికి ఒక అలవాటు ఉంది. శిష్యులు ప్రశ్న అడిగితే జవాబు చెప్పరు. "సరే, కూర్చో" అంటారు. ఆ కూర్చున్నచోట ఏదో ఒకటి జరుగుతుంది. అదే జవాబనుకోవాలి. కొందరికి అది ఆ పూటే తెలుస్తుంది, కొందరికి పెళ్లయి పిల్లలు పుట్టాక తెలుస్తుంది. ఎప్పటికీ తెలియనివాళ్లూ ఉన్నారు. వాళ్లు మాస్టారికి చాదస్తమని చెప్పుకుంటూ సుఖంగానే బతుకుతున్నారు.

ఆయన విజయనగరంలో కాలేజీ పిల్లలకు భూగోళం చెప్పి రిటైరయ్యారు. ఆ తర్వాత ఆయన పట్టుకున్న విద్య మాత్రం ఏ గురువుకూ తట్టనిది. కంప్యూటర్లో యుద్ధాల ఆటలు ఉంటాయి కదా. తుపాకీ పట్టుకుని కనబడ్డవాడినల్లా కాల్చేసే రకం కాదు. గుప్పెడు మంది సైనికులను చేతికిచ్చి, "ఆ వంతెన పట్టుకో చూద్దాం" అని బుర్రకు పని పెట్టే రకం. అలాంటి ఆటలో ఒక్కో ఘట్టాన్ని మిషన్ అంటారు. నేల ఎలా ఉండాలి, శత్రువు ఎక్కడ పొంచి ఉండాలి, ఆడేవాడికి ఏ పని అప్పగించాలి అన్నవన్నీ ముందుగా ఎవరో ఒకరు కూర్చుని అల్లాలి. మీట నొక్కితే కంప్యూటరే కావలసినన్ని మిషన్లు పుట్టించి పారేస్తుంది. మాస్టారు వాటి మొహం కూడా చూడరు. ఊళ్లో మూడు లాంతర్ల కూడలి దగ్గర ఆయన మేడగదిలో ఉండేవి డ్రాయింగు షీట్లు, పెన్సిళ్లు, గిన్నెడు చింతగింజలు. నల్లగింజ ఆడేవాడి సైనికుడు. అరగదీసిన తెల్లగింజ శత్రువు. చేత్తో పటం గీసి, దానిమీద గింజలు నడిపి చూపించనిదే ఆ గదిలో ఎవరూ కంప్యూటరు ముట్టుకోకూడదు.

శిష్యుల్లో హైమావతి చురుకైనది. తొందర కూడా ఆమెకే ఎక్కువ. వచ్చే ఆదివారం ఆమె సంగతి తాడో పేడో తేలిపోతుంది. బెంగుళూరులో ఇలాంటి ఆటలు తయారుచేసే ఒక కంపెనీ నుంచి రెజీనా అనే ఆవిడ వస్తోంది. హైమ అల్లిన మిషన్‌ను మేడగదిలో అందరి ముందూ కూర్చుని ఆడుతుంది. నచ్చితే హైమకు అక్కడ మిషన్లు అల్లే ఉద్యోగం. నచ్చకపోతే అన్నయ్య మొబైల్ షాపులో ఫోన్లకు కవర్లు అమ్ముకోవడమే. ఇంట్లోవాళ్లు ఇచ్చిన గడువు అయిపోయింది మరి.

ఆమె మిషన్ ఒక ఏటి మీది వంతెన. ఆడేవాడు దాన్ని శత్రువు చేతిలోంచి లాక్కోవాలి. హైమ కాపలా పెట్టిన తీరు చూస్తే చీమ కూడా దూరదు. రెల్లుపొదల్లోంచి వస్తే అక్కడొక మెషీన్ గన్ సిద్ధం. గట్టు కింద నక్కి వస్తే అక్కడొకటి. ఎవడైనా తెగించి ఏట్లో ఈదుకుంటూ వస్తే వాడి నెత్తిమీదికి గురిపెట్టి ఇంకొకడు. అంత చేసినా, ఆడి చూసిన తోటి శిష్యులు ఆవులించారు. మొదటిసారి చచ్చారు. రెండోసారి ఎక్కడెవడు ఉన్నాడో గుర్తుపెట్టుకుని వరసగా కాల్చుకుంటూ పోయారు. గెలిచి కూడా, ఎక్కాలు అప్పజెప్పిన పిల్లల్లాగా చేతులు దులుపుకుని లేచారు. హైమకు ఏడుపొక్కటే తక్కువ.

శుక్రవారం సాయంత్రం ఆమె పటం పట్టుకుని మాస్టారి ముందు నిలబడింది.

"మాస్టారూ, శత్రువుని ఎంత బలంగా పెట్టాలి? ఇంకా ఎన్ని గన్‌లు పెడితే వీళ్లకి భయం పుడతాది?"

"సరే, కూర్చో" అన్నారు మాస్టారు.

కూర్చుంది. ఆయన పటం నేలమీద పరిచి, తెల్లగింజలు ఆమె దోసిట్లో పోశారు. "ఈ పూట నువ్వే శత్రువువి. వంతెన నీది. నేను పట్టుకోడానికొస్తాను."

"ఎటునుంచొస్తారు?"

"అది కూడా చెప్పాలేటి?"

అని, భుజం మీది తువ్వాలు తీసి పటం మీద పరిచారు. వంతెన, దాని చుట్టూ కాస్త నేల తప్ప అంతా తువ్వాలు కిందికి పోయింది. నల్లగింజలు గుప్పిట్లో పట్టుకుని ఆ చెయ్యి కూడా తువ్వాలు కిందికి పోనిచ్చారు. హైమ తన గింజలను వంతెన మీద, చుట్టుపక్కల సర్దుకుంది. ఇదెంత పని అనుకుంది.

తువ్వాలు కొంచెం కదిలింది. "తూర్పున రెల్లులోంచి కొంగలు లేచాయి" అన్నారు మాస్టారు.

హైమ రెండు గింజలను తూర్పుకు జరిపింది. "ఏం కనబడింది?"

"రెల్లు ఊగుతోంది. గాలో, మనిషో."

ఇంకొక గింజను పంపింది. ఇంతలో తువ్వాలు రెండో కొన దగ్గర ఉబ్బింది. "పడమటి గట్టున కుక్క మొరిగింది. నీ వాళ్లు అన్నం పెట్టే కుక్కే." ఆమె తూర్పుకు పంపినవాళ్లలో ఇద్దరిని వెనక్కి రప్పించింది. దారి మధ్యలో ఉండగానే ఏట్లో ఏదో దబ్బున పడిన చప్పుడైందన్నారు మాస్టారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఎటు చూడాలో తెలియక ఆమె చేతులు పటం మీద తడబడుతున్నాయి. ఎక్కడివాళ్లక్కడ కంప్యూటర్లు వదిలేసి చుట్టూ మూగారు. "గట్టు వదలకు హైమా!" అని ఒకరు, "రెల్లు, రెల్లు చూసుకో!" అని ఇంకొకరు. తోటి శిష్యుడు అప్పలనాయుడైతే ఏకంగా మోకాళ్లమీద పాకి తువ్వాలు అంచు కింద తొంగి చూడబోయి, మాస్టారి మోచేతి పోటు తిన్నాడు. హైమకు ఒళ్లంతా చెమట. భయమా అంటే భయమే, కానీ ఇంత హుషారు ఆమె ఎప్పుడూ ఎరగదు. లేచి గంతులు వెయ్యాలనీ ఉంది, పారిపోవాలనీ ఉంది. వంతెన మీద చూసుకుంటే ఒక్క గింజ మిగిలింది.

"మాస్టారూ, ఒక్కసారి తువ్వాలు తియ్యండి."

"యుద్ధంలో తువ్వాలు ఎవరు తీస్తారమ్మా?"

తువ్వాలు మళ్లీ కదిలింది, ఈసారి వంతెన పక్కనే. ఇక ఆమె వల్ల కాలేదు. కొన పట్టుకుని ఒక్క గుంజు గుంజింది.

కింద ఏమీ లేదు. రెల్లులో లేదు, గట్టు మీద లేదు, ఏట్లో లేదు. మాస్టారు గుప్పిట విప్పారు. నల్లగింజలన్నీ అరచేతిలోనే ఉన్నాయి, ఒక్కటి కూడా పటం మీదికి దిగలేదు. గదంతా గొల్లున నవ్వింది.

"మరి కొంగలు?" అంది హైమ, నోరు తెరిచి.

"కొంగలు లేవడానికి సైన్యమే రావాలేటి?" అని మాస్టారు కాఫీకి వెళ్లిపోయారు.

హైమ నవ్వలేదు. పటం దగ్గరికి లాక్కుని, దానిమీద తను ముందు పెన్సిలుతో గుర్తుపెట్టిన కాపలా చూసుకుంది. ప్రతి కావలివాడూ ఆడేవాడు వచ్చే దారికేసే గురిపెట్టి కూర్చున్నాడు. ఒక్కడు అటూ ఇటూ చూడడు, ఒక్కడు ఉలిక్కిపడడు. ఆడేవాడు అటునుంచే వస్తాడని వీళ్లకు ఎవరు చెప్పారు? ఇంకెవరు, ఆమే అందరి చెవుల్లోనూ ఊదింది. ఆమె చెవులు ఎర్రబడ్డాయి. రబ్బరు అందుకుంది.

శనివారమంతా చెరపడమే. ఒక్కో తెల్లగింజను అరచేతిలో పెట్టుకుని, "నువ్వు ఏం చూశావు? ఏం విన్నావు?" అని దాన్నే అడిగి, అది చెప్పిన చోట పెట్టింది. రాని సేన కోసం అవతలి రోడ్డు కాచేవాడొకడు. నీళ్లకని ఏట్లోకి దిగినవాడొకడు. చిన్న చప్పుడైనా మనుషులను అటు తోలేసే కంగారు నాయకుడొకడు. "గన్‌లు తగ్గించేస్తున్నావేటి? మతి పోయిందా?" అన్నాడు అప్పలనాయుడు. ఆమెకు వినబడలేదు. గింజలన్నీ నడిపి చూసుకున్నాకనే మిషన్‌ను కంప్యూటర్లోకి ఎక్కించింది.

ఆదివారం రెజీనా వచ్చింది. ఇలాంటివి ఎన్ని చూశానో అన్న మొహంతో కుర్చీలో జారగిలబడి ఆట మొదలుపెట్టింది. తన మనుషులను రెల్లులో పాకించింది. కొంగలు లేచాయి. తెర మీద కావలివాళ్లు ఇద్దరు తలలు తిప్పి, ఏదో మాట్లాడుకుని, నెమ్మదిగా ఇటే రాసాగారు. రెజీనా నిటారుగా కూర్చుంది. కొద్దిసేపట్లోనే పట్టుబడి ఓడిపోయింది.

"ఇంకోసారి" అంది.

ఈసారి, ఇందాక కావలివాళ్లు వచ్చిన చోటే వాళ్లకోసం ముందుగా మాటు వేసింది. కానీ అక్కడికి ఆమె రెల్లు వదిలి వేరే దారిన వచ్చేసరికి కొంగలు లేవలేదు, వాళ్లు రానూ లేదు. కుక్క మొరిగింది. గట్టు మీదివాడు ఆమె వెనకనుంచి వచ్చాడు. "అబ్బా! వీడెక్కడివాడండీ!" అని అరిచింది. మూడోసారికి కుర్చీ లేదు, నిలబడే ఆడుతోంది. తెచ్చి పెట్టిన టీ మీద మీగడ కట్టింది. హైమ గోడకు ఆనుకుని, గోళ్లు కొరుక్కుంటూ నిలబడింది. నీళ్లకు దిగిన కావలివాడు ఒడ్డెక్కేలోగా రెజీనా మనుషులు వంతెన ఎక్కేశారు. ఆవిడ రెండు చేతులూ ఎత్తి వేసిన కేకకు కింద రోడ్డుమీద పోయేవాళ్లు తలెత్తి చూశారు.

"అమ్మాయ్, వచ్చే నెల బెంగుళూరు వచ్చెయ్" అంది, రొప్పుతూ. "ఇంత తెలివైన శత్రువును ఎలా పెట్టావు?"

"తెలివి కాదు మేడమ్. పాపం, వాళ్లకేం తెలీదు" అంది హైమ. అని, సంతోషం ఆపుకోలేక ఏడ్చేసింది.

అందరూ వెళ్లాక ఆమె మాస్టారి కాళ్లకు దణ్ణం పెట్టింది. ఆయన నేలమీది గింజలు ఏరి గిన్నెలో వేస్తున్నారు.

"మాస్టారూ, నేనడిగినదానికి మీరింకా చెప్పనేలేదు. శత్రువుని ఎంత బలంగా పెట్టాలి?"

మాస్టారు తువ్వాలు దులిపి భుజం మీద వేసుకున్నారు.

"దీన్ని లాగావు చూడు, అంతకు ముందు నువ్వెంత బలంగా ఉన్నావో, అంత."