ట్యాబులో కోడికి అమ్మవారు పోసింది

జీడివలసలో గవరయ్యది గోడలకి రంగులేసే ఇల్లు. తాత వేశాడు, తండ్రి వేశాడు, ఇప్పుడు గవరయ్య వేస్తున్నాడు. చేతిలో పనికన్నా బుర్రలో తెలివే తమ అసలు ఆస్తని అతని నమ్మకం. "ఊళ్ళో ఇంటికొక బుర్ర ఉంటే గొప్ప. మన ఇంట్లో మూడున్నాయి" అనేవాడు. ఒకటి తనది, ఒకటి భార్య నీలవేణిది, ఒకటి తల్లి బంగారమ్మది. ఒకటో తరగతి చదివే కూతురు ధన్వికది ఇంకా పూర్తిగా ఆరలేదు కాబట్టి దాన్ని లెక్కలో వేసుకోలేదు.

వాళ్ళ పనికి కొన్ని కట్టుబాట్లున్నాయి. నల్లగోడ మీద రంగు వెయ్యకూడదు, ముందు సున్నం కొట్టాలి. వేసేది ఏదైనా రెండు కోటింగులు వెయ్యాలి. తడి రంగు ముట్టుకోకూడదు. గవరయ్య అన్నం కూడా రెండు విడతలుగా తినేవాడు, మధ్యలో కాస్త ఆరనిచ్చి.

ఒక సోమవారం నాడు బళ్ళో అరుంధతి టీచరు ఒకటో తరగతి పిల్లలందరికీ తలా ఒక ట్యాబు ఇచ్చింది. బొమ్మలు వెయ్యడం నేర్చుకోవడానికట. పలకలాంటిదే, బలపం అక్కర్లేదు, వేలితో గీస్తే రంగుల్లో పడుతుంది. శనివారం బళ్ళో పండగ. ఆ రోజు ఒక్కొక్కళ్ళ బొమ్మనీ మిషను పెట్టి పెద్దగోడ మీద చూపిస్తారు.

ధన్విక ట్యాబుని ఒళ్ళో పెట్టుకుని, "నాన్నా, నా బొమ్మ గోడ మీద ఉండాలి" అంది.

మూడు తరాలుగా వాళ్ళింటి వాళ్ళు ఊరి గోడలన్నీ తడిపారు గానీ అదంతా ఉత్త రంగే. ఒక బొమ్మ వేసిపెట్టమని ఎవ్వరూ ఏనాడూ అడగలేదు. "ఉంటుంది తల్లీ. నాది పూచీ" అన్నాడు గవరయ్య.

టీచరు ముందే పెద్దవాళ్ళకి చెప్పింది. "తెర నల్లగా ఉంటే ఏమీ గీయలేరు. తెల్లగా అయ్యాకే వేలు పెట్టండి" అని. గవరయ్య ట్యాబుని తిప్పి చూశాడు. నల్లగా నిగనిగలాడుతోంది. "ఇంతేనా, ఇది మన పనే" అన్నాడు.

అంతే. నీలవేణి సున్నం కలిపింది. బంగారమ్మ సన్నకుంచె వెతికి తెచ్చింది. గవరయ్య ఒక కోటింగు వేసి, ఆరాక రెండోది వేశాడు. వేలితో గీసి చూస్తే గోటికి సున్నం వచ్చింది గానీ బొమ్మ రాలేదు. "మందం చాల్లేదు" అని మూడోది కూడా వేశాడు.

మర్నాడు కూతుర్ని వెంటబెట్టుకుని వెళ్ళి ఆ తెల్లపలకని టీచరు చేతిలో పెట్టాడు. ఆవిడ తడిగుడ్డ తెచ్చి నెమ్మదిగా తుడిచింది. పక్కనున్న మీట నొక్కితే తెర వెలిగి తెల్లబడింది.

"గవరయ్యగారూ, తెలుపు లోపలే ఉంది."

"కొట్టించే ఇచ్చారా? ఆ మాట ముందే చెప్తే మూడు కోటింగుల సున్నం మిగిలేది కదండీ" అన్నాడు గవరయ్య.

టీచరు తండ్రినీ కూతుర్నీ పక్కపక్కన కూచోబెట్టి మళ్ళీ మొదట్నుంచీ చెప్పింది. "ఇదిగో, ఈ వరసలో రంగులున్నాయి. ఏ రంగు ముట్టుకుంటే ఆ రంగుతో పడుతుంది. సన్నగా కావాలంటే ఈ కుంచె, లావుగా కావాలంటే ఆ కుంచె. తప్పు పోతే భయపడక్కర్లేదు, వెనక్కి తిరిగిన ఈ బాణం నొక్కండి. ఆఖరున గీసింది పోతుంది. ఇంకోసారి నొక్కితే దానికి ముందుది పోతుంది. కాసేపు ముట్టకపోతే నిద్రపోతుంది, అప్పుడు వేలితో తట్టి లేపండి."

ధన్విక "ఊఁ" అంది. దానికి అన్నీ ఒక్కసారికే వచ్చేశాయి. గవరయ్య మాత్రం ప్రతి రంగూ ముట్టుకుని, వేలు లాగుకి రాసి చూసుకుని, "అంటట్లేదండీ" అంటూ కూచున్నాడు.

గురువారం నాడు బడి లేదు. ధన్విక వాకిట్లో కూచుని కోడిని గీసింది. పసుపుపచ్చ కోడి. ఒక కాలు పొడుగు, ఒక కాలు పొట్టి, తోక చీపురులా ఉంది. కింద పచ్చగడ్డి, మధ్యలో ముక్కు, అన్నిటికన్నా ఆఖరున ఎర్రటి జుట్టు. బంగారమ్మ చూసి, "కూత ఒక్కటే తక్కువ" అంది. పిల్ల మురిసిపోయి, ట్యాబుని అరుగు మీద పెట్టి ఆడుకోవడానికి పోయింది.

కాసేపటికి తెర నల్లబడింది. "కోడి పడుకుంది" అంది నీలవేణి.

బంగారమ్మ మొహం మారిపోయింది. "పట్టపగలు కునికే కోడి బతకదురా గవరా. తెగులు."

"శనివారం దాకా బతకాలమ్మా. పిల్లకి మాటిచ్చాను" అన్నాడు గవరయ్య.

ఇంకేముంది, ముగ్గురూ వంతులేసుకున్నారు. టీచరు వేలితో తట్టమంది కాబట్టి తట్టారు. మళ్ళీ కునుకుతుందేమోనని మళ్ళీ తట్టారు. బంగారమ్మ తట్టింది, నీలవేణి కూర తరుగుతూ ఎడమచేత్తో తట్టింది, గవరయ్య వీధి వంక చూసి ఆవలిస్తూ తట్టాడు. తెర వంక ఎవరూ చూడలేదు. చూస్తే దిష్టి తగులుతుందని బంగారమ్మ చెప్పింది. పిల్ల వదిలి వెళ్ళింది ఎరుపు రంగు మీద. ఒక్కో తట్టుకి ఒక్కో ఎర్రచుక్క పడుతూ పోయింది.

సాయంత్రం ధన్విక వచ్చి చూసింది. కోడి ఒళ్ళంతా ఎర్రటి పొక్కులు.

"నాన్నా, నా కోడికి ఏమైంది?"

బంగారమ్మ వంగి చూసి రెండు చేతులూ జోడించింది. "అమ్మవారు పోసింది తల్లీ" అంది.

అంతే. ట్యాబు కింద వేపాకు పరిచారు. గుమ్మానికి వేపమండ కట్టారు. ఇంట్లో తాలింపు మానేశారు. "తొమ్మిది రోజులు గడప దాటించకూడదు. బడికి పంపితే తక్కిన వాళ్ళ ట్యాబులకి అంటుకుంటుంది" అంది బంగారమ్మ. నీలవేణి అదీ నిజమే అంది. గవరయ్యకీ నిజమే అనిపించింది. ధన్విక మాత్రం గోడ వైపు తిరిగి కూచుని కళ్ళు తుడుచుకుంది. అది చూసి గవరయ్యకి ఆ పూట రెండో విడత అన్నం సయించలేదు.

శుక్రవారం పొద్దున్నే బడికెళ్ళి గుమ్మం బయటే నిలబడ్డాడు. "కోడికి అమ్మవారు పోసిందండీ. తొమ్మిది రోజులు సెలవు కావాలి. పండగ ఆ తరవాత పెట్టుకుందామండీ."

"మీకు కోళ్ళెక్కడివి?" అంది టీచరు.

"ట్యాబులో కోడండీ."

టీచరు చెప్పులేసుకుని అతని వెంట వచ్చింది. వేపాకు మీంచి ట్యాబు తీసుకుని అరుగు మీద కూచుంది. వెనక్కి తిరిగిన బాణం నొక్కింది. ఒక పొక్కు పోయింది. మళ్ళీ నొక్కింది. ఇంకో పొక్కు పోయింది. బంగారమ్మ ఆవిడ చేతుల వంకే చూస్తూ, "హస్తవాసి" అంది. భోజనాల వేళకి పొక్కులన్నీ పోయి ఎర్రజుట్టుతో పసుపుపచ్చ కోడి మిగిలింది. ఆ బాణం గవరయ్య మనసులో అలా నిలిచిపోయింది.

కోడికి తలకి పోయాలని నీలవేణి పసుపునీళ్ళ చెంబుతో వస్తుంటే, టీచరు ట్యాబుని సంచిలో వేసేసుకుని, "రేపటిదాకా ఇది నా దగ్గరే ఉంటుంది" అంది.

శనివారం బడి పెద్దగదిలో కిటికీలన్నీ మూశారు. ఊరంతా వచ్చి కూచుంది. అరడజను బొమ్మలయ్యాక ధన్విక పేరు పిలిచారు. తలుపంత కోడి గోడ మీద నిలబడింది. జనం చప్పట్లు కొట్టారు. ధన్విక నవ్వు చూసి గవరయ్యకి కళ్ళు చెమర్చాయి. టీచరు, "భోజనాలు చేసి రండి, తక్కినవి తరవాత చూద్దాం" అని అందర్నీ బయటికి పంపింది. మిషను అలాగే వెలుగుతోంది.

గవరయ్య ఇంటివాళ్ళు మాత్రం కదల్లేదు. రంగు ఎలా పట్టిందో చూద్దామని గవరయ్య గోడ మీద చెయ్యి పెట్టాడు. కోడి ముక్కు గోడ మీంచి ఊడి అతని చేతి మీదికొచ్చింది. ఇంకాస్త ముందుకి జరిగితే కోడి సగం అతని చొక్కా మీదికొచ్చేసింది.

"చెయ్యి తగిలితేనే వచ్చేస్తోంది. ఎవరో ప్రైమరు కొట్టకుండా వేశారు. సాయంత్రానికి రాలిపోతుంది" అన్నాడు.

"మరి పిల్లకి మాటిచ్చావు" అంది బంగారమ్మ.

అతని సైకిలుకి డబ్బాలు ఎప్పుడూ వేలాడుతూనే ఉంటాయి. పసుపు ఎనామిల్, ఎరుపు ఎనామిల్, ఆకుపచ్చ ఎనామిల్. గీత ఎక్కడుంటే అక్కడే కుంచె పెట్టాడు. పొడుగు కాలు పొడుగ్గానే, పొట్టి కాలు పొట్టిగానే వేశాడు. అది అతని జీవితంలో మొదటి బొమ్మ. నీలవేణి బల్లమీది ఫ్యాను తెచ్చి ఆరబెట్టింది. రెండో కోటింగు కూడా వేశారు.

జనం భోజనాలు చేసి వచ్చారు. టీచరు తరవాతి బొమ్మ పెట్టింది. లారీ. లారీలో కోడి కూచునుంది. ఆ తరవాత ఏనుగు. ఏనుగు మీద కోడి. ఆ తరవాత ఎవరో కష్టపడి వాళ్ళమ్మని గీశారు, ఆవిడ పొట్టలో కోడి. గది గదంతా పడీ పడీ నవ్వింది. ధన్విక మాత్రం పక్కనున్న పిల్లతో, "నాది పోదు" అని మెల్లగా చెప్పింది.

టీచరు గోడ దగ్గరికెళ్ళి వేలితో ముట్టుకుని, ఆ పసుపు వేలిని చూసుకుంది. "గవరయ్యగారూ, దీన్ని తీసెయ్యండి" అంది.

గవరయ్యకి ప్రాణం ఉసూరుమంది. కానీ చదువు చెప్పే మనిషి మాట. లేచాడు. సైకిలు దగ్గరికి వెళ్ళలేదు, సున్నం అడగలేదు. టీచరు బల్ల మీదున్న ధన్విక ట్యాబు తీసుకుని, గోడకి ఎదురుగా నిలబడి, వెనక్కి తిరిగిన బాణం నొక్కాడు. ట్యాబులో కోడి జుట్టు పోయింది. మళ్ళీ నొక్కాడు. ముక్కు పోయింది. మళ్ళీ మళ్ళీ నొక్కాడు. గడ్డి పోయింది, తోక పోయింది, కాళ్ళు పోయాయి, ఆఖరికి ఒళ్ళు కూడా పోయింది. గోడ మీది కోడి ఈక కూడా కదల్లేదు.

టీచరు తల పట్టుకుని, "గవరయ్యగారూ, అది గోడ" అంది.

"తెలుసండీ. రెండు కోటింగులు కదా, ఒక్కోదానికి రెండేసి సార్లు నొక్కాలి" అన్నాడు గవరయ్య. గోడ దగ్గరికెళ్ళి వాసన చూసి వచ్చి, ట్యాబుని ఆవిడ చేతికిచ్చాడు. "కానీ ఇంకా తడిగా ఉందండీ. ఆరాక సోమవారం వచ్చి నొక్కుతాను."