కాలు నిలవని కిసుకే, నేల కింద కుండ

అనగనగా... ఊఁ కొట్టండి మరి! ఊఁ కొట్టేవాళ్ళు లేకపోతే నా కథ గుమ్మం దాటదు. అనగనగా సముద్రానికి అవతల, మనకన్నా ముందే పొద్దుపొడిచే జపాను దేశంలో హినోకుబొ అని ఒక కొండపల్లె. ఆ పల్లెలో కిసుకే అని ఒక కావడివాడు. కొండమీది బొగ్గులు కిందికి దింపడం, కింది ఉప్పు పైకి మోసుకురావడం, అదే వాడి బతుకు.

కిసుకేకి కాలు ఆగదు, కన్ను ఆగదు. అన్నం కూడా నిలబడే తినేవాడు. "కాస్త కూర్చోరా" అంటే, "కావడివాడు ఆగితే బరువు రెట్టింపవుతుందయ్యా" అనేవాడు. భుజాన కావడి లేనప్పుడూ అదే మాట! కాళ్ళకు బలపాలు కట్టుకుని పుట్టాడని ఊరంతా నవ్వుకునేది.

ఆ ఊళ్ళో ఒక ఆచారం ఉండేది. దూరాన పట్నంలో ఒక పాత గుడి, ఒక తెల్లకోట, ఒక తోట ఉన్నాయి. అందరికీ చూడాలనే ఉంటుంది. అందరూ వెళితే చేలు ఎవరు చూస్తారు? అందుకని కోతలయ్యాక గడ్డిపోచలు లాగేవాళ్ళు. పొడుగుపోచ వచ్చినవాడు అందరి బదులూ వెళ్ళి, చూసి, తిరిగొచ్చి చెప్పాలి. వాడు చెప్పిందే ఊరందరి యాత్ర.

ఆ ఏడు పొడుగుపోచ కిసుకే చేతికొచ్చింది. ఊరి గుండె గుభేలుమంది. అయినా పోచ మాట పోచ మాటే కదా.

బయలుదేరే పొద్దున మంచం పట్టిన ఓతకి అవ్వ వాణ్ణి పిలిచింది. ఆమె ఆ పట్నం ఆడపడుచు. వాళ్ళ నాయన ఆ తోటలో తోటమాలి.

"ఒరేయ్ కిసుకే, తోటలో చేతులు కడుక్కునే రాతితొట్టి ఉంటుంది. దాని పక్కన మా నాయన అడుగున చిల్లి పెట్టిన కుండని నేల కింద బోర్లించి పాతాడు. కడుక్కున్న నీళ్ళు చుక్కచుక్కగా అందులో పడితే లోపల మోగుతుంది. నా చిన్నప్పుడు ఆ మోత వింటూనే నిద్రపోయేదాన్ని. ఇంకా మోగుతోందా? విని రారా నాయనా. అది విన్నాక పోయినా ఫరవాలేదు."

"అదెంత పని అవ్వా!" అన్నాడు కిసుకే. అనేలోపే వీధి చివర ఉన్నాడు.

గుడికి వెళ్ళాడు. దణ్ణం సగంలో ఉండగానే కాలు గడప దాటింది. కోటకి వెళ్ళాడు. అగడ్త చుట్టూ గిరగిరా తిరిగాడు. తోటకి వెళ్ళాడు. చేతులు కడుక్కున్నాడు, తొట్టి చుట్టూ ఒక తిరుగు తిరిగాడు. ఏమీ వినబడలేదు. కాలు ఆగలేదు, కన్ను ఆగలేదు, ఇంటిదారి పట్టాడు.

ఊరంతా చుట్టూ చేరింది.

"గుడి పెద్దది. కోట తెల్లది. తోట పచ్చనిది," అన్నాడు కిసుకే.

"ఇంతేనా? ఇందుకట్రా నిన్ను పంపింది?" అని ఊరు నెత్తి కొట్టుకుంది.

అవ్వ మాత్రం ఒక్కటే అడిగింది. "మోగిందా?"

"లేదవ్వా."

అవ్వ ఆ పూట గంజి సగమే తాగింది.

ఆ మిగిలిన సగం గంజి కిసుకే కళ్ళల్లో మెదిలింది. ఎవరూ పంపకుండానే మళ్ళీ పట్నం పోయాడు. ఈసారి గుడి చూడలేదు, కోట చూడలేదు, తిన్నగా తొట్టి దగ్గరికే వెళ్ళాడు. చేతులు కడుక్కున్నాడు. ఇటు నడిచాడు, అటు నడిచాడు. కాళ్ళ కింద గులకరాళ్ళు కరకరమన్నాయి. అంతకుమించి ఏమీ లేదు. తిరిగొచ్చి, "లేదవ్వా" అన్నాడు.

"అయితే మా నాయన చేసింది పోయిందన్నమాట," అని అవ్వ గోడవైపు తిరిగింది. ఇక గంజి ముట్టలేదు.

కిసుకేకి ఎక్కడా కాలు నిలవలేదు. ఇదివరకైతే ఊరికే నిలిచేది కాదు. ఇప్పుడు లోపల ఏదో తరుముతోంది. మూడోసారి పట్నం పోయాడు. తొట్టి దగ్గర అటూ ఇటూ, అటూ ఇటూ తిరిగాడు. తిరిగీ తిరిగీ గడ్డిచెప్పు తాడు పుటుక్కుమంది. తిట్టుకుంటూ, తాడు ముడేసుకోవడానికి రాయిమీద కూర్చున్నాడు. తప్పక కూర్చున్నాడు లెండి, బుద్ధొచ్చి కాదు.

గులకరాళ్ళ కరకర ఆగింది.

టింగ్.

కిసుకే ముడి వదిలేశాడు. ఎంతసేపు చూసినా ఇంకేమీ లేదు. కాళ్ళు పీకుతున్నాయి, లేవమంటున్నాయి. రెండు చేతులతో మోకాళ్ళు పట్టుకున్నాడు.

టింగ్.

కుండ రోజూ మోగుతూనే ఉంది. వాడి కాళ్ళే దాన్ని విననివ్వలేదు. "అయ్యో అవ్వా!" అని ఏడ్చాడు. పొద్దు వాలేదాకా విని, ఒక కాలికి చెప్పుతో, ఒక కాలికి లేకుండా ఊరికి పరిగెత్తాడు.

"అవ్వా, మోగుతోందే!"

అవ్వ కళ్ళు తెరవలేదు. "నా తృప్తి కోసం చెబుతున్నావురా," అంది.

కిసుకే మంచం పక్కన కూర్చున్నాడు. వాడు కూర్చోగా ఊరు చూడటం అదే మొదలు. "టింగ్" అన్నాడు. తర్వాత ఊరుకున్నాడు. జనం ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. వాడు మోకాళ్ళు అదిమిపట్టుకున్నాడు, లేవలేదు. చాలాసేపటికి మళ్ళీ "టింగ్" అన్నాడు.

అవ్వ కళ్ళు తెరిచింది. "అవునురా. నడుమ అంతసేపు ఆగుతుంది. అది వినకుండా ఎవరికీ తెలియదు. ఇంకా చెప్పు."

కిసుకే చెబుతూ పోయాడు. అవ్వ మొహం పసిపిల్ల మొహమైంది. ఒక చుక్కకీ ఇంకో చుక్కకీ నడుమ ఆమె ప్రాణం పోయింది. కిసుకేకి తెలిసింది. అయినా తర్వాతి చుక్క పడేదాకా కదల్లేదు. "టింగ్" అని, అప్పుడు లేచాడు.

వాడు మారిపోయాడనుకునేరు! మర్నాడే నిలబడి అన్నం తిన్నాడు. కానీ ఏడాదికొకసారి ఆ రాయిమీద కూర్చుని వచ్చేవాడు. ఆ తర్వాత వాడూ పోయాడు.

ఇప్పటికీ హినోకుబొ వాళ్ళు ఆ తోటకి వెళితే చెప్పులు విప్పి, ఆ రాయిమీద కూర్చుంటారు. ఊరికి తిరిగొస్తే వాళ్ళని "ఏం చూశావు?" అని ఎవరూ అడగరు. "ఎక్కడ కూర్చునొచ్చావు?" అని అడుగుతారు. జవాబు చెప్పలేనివాణ్ణి మళ్ళీ పంపుతారు.

కథ కంచికి పోతే పోనివ్వండి. మనం ఇంటికి తర్వాత వెళదాం. కాసేపు కూర్చోండి.