సుబేదారూ, ముందొచ్చిన ఈస్టరూ

జకరయ్య గారి ఇల్లు ఊరికి దూరంగా చేల మధ్య ఉంది. పెరట్లో ఒక గేదె, ఒక ఎర్రకోడి, దాని పదకొండు పిల్లలు, సుబేదారు అనే ముసలి కుక్క. కంచె అవతల వాగు, వాగు పొదల్లో ఒక నక్క. కాపురానికి అంతకంటే మంచి చోటు లేదని నక్క అభిప్రాయం.

ఏటా ఈస్టరు నాడు తెల్లవారకముందే ఇంటిల్లిపాదీ తాళం వేసుకుని సమాధుల తోటలో ప్రార్థనకు వెళ్తారు. ఇంట్లో మనుషులెవరూ లేనిది ఆ ఒక్క పూటే. ఆ పూట సుబేదారు కోడిగంపకు వీపు ఆనించి కూర్చునేవాడు. నక్క కంచె దాకా వచ్చి, చూసి, వెనక్కి పోయేది.

ఈసారి సుబేదారుకు వెనక కాళ్లు పడిపోయాయి. జకరయ్య గారి భార్య దీనమ్మ గారు గంజిలో రొట్టె నానబెట్టి పెడితే రెండు ముద్దలు తిని తల వాల్చేస్తున్నాడు. “నాలుగు రోజులు కూడా ఉండడు” అని ఆవిడ కళ్లు తుడుచుకున్నారు. ఆ మాట నక్క చెవినా పడింది.

గురువారం పొద్దున నక్క పలకరింపుకు వచ్చి కంచె అవతల నిలబడింది.

“ఏం బావా, ఒంట్లో ఎలా ఉంది?”

“పోయేకాలం దగ్గరపడింది. అది చూసి పోదామని వచ్చావా?”

“అంత మాటనకు. మనది ఎన్నేళ్ల పరిచయం! అవునూ, మీ వాళ్ల పండగ ఎప్పుడు?”

“ఈసారి ముందే వచ్చేసింది. ఈ ఆదివారమే.”

నక్క మామిడిచెట్టు వైపు చూసింది. కొమ్మలకు ఇంకా ఉసిరికాయంత పిందెలే ఉన్నాయి.

“కాయలో టెంక ముదిరాక కదా మీ పండగ? కిందటేడూ, అంతకుముందేడూ అప్పుడే వచ్చింది.”

“ఈసారి అలా కాదు. ఆదివారం తెల్లారేసరికి అందరూ వెళ్లిపోతారు. నేనా, అప్పటికి ఉండను. పెరట్లో కాపలా ఎవరూ ఉండరు.”

ఎర్రకోడి గబగబా పిల్లల్ని దగ్గరకు పిలుచుకుంది.

నక్క పళ్లికిలించింది. “నన్నే బోల్తా కొట్టిద్దామనుకున్నావా బావా? మంచాన పడ్డా తెలివి తగ్గలేదు నీకు. ఇంటినిండా మనుషులున్న రోజు చూసి పిలుస్తున్నావు. నీ చోట నేనున్నా అదే చేస్తాను.”

అలా అనేసి హుషారుగా వాగు వైపు వెళ్లిపోయింది.

“తాతా, నీకు మతి పోయిందా?” అని ఎర్రకోడి మీదపడింది. “నా పిల్లల్ని వాడి నోటికి అందించావు కదా!”

“నాకు అబద్ధం ఆడటం రాదమ్మా. ఇప్పుడు కొత్తగా ఆడితే మాట తడబడుతుంది, వాడు ఇట్టే పసిగడతాడు. నిజం నాకు అలవాటు. వాడికే అలవాటు లేదు.”

“నమ్మి వస్తే?”

“గంప కదలగానే పిల్లల్ని తీసుకుని గేదె కాళ్ల మధ్యకు పరుగెత్తు. తనకు చెప్పి ఉంచాను.”

గేదె నెమరు ఆపి తలూపింది.

శనివారం మధ్యాహ్నం కోడిపిల్లలు సుబేదారు చుట్టూ చేరాయి. అతను ఒక్కోదాన్నీ ముక్కుతో తాకి చూశాడు. పదకొండూ అయ్యాక కళ్లు మూశాడు, మళ్లీ తెరవలేదు. జకరయ్య గారు జామచెట్టు కింద గొయ్యి తీశారు. సమాధులకు వేయడానికి కలిపిన సున్నంలో మిగిలింది తెచ్చి, గుర్తుగా పెట్టిన రాయికి దీనమ్మ గారు పూశారు. గేదె ఆ పూట మేత ముట్టలేదు.

ఆదివారం తెల్లవారుజామున అందరూ కొవ్వొత్తులు పట్టుకుని వెళ్లిపోయారు. ఎర్రకోడి పిల్లల్ని రెక్కల కింద కప్పుకుని కూర్చుంది. సుబేదారు వీపు ఆనించే వైపు నుంచి గంపలోకి చలిగాలి కొడుతోంది. కోడికి ఏడుపొచ్చింది. వాగు వైపు ఆకు చప్పుడైనా కాలేదు. తూర్పున వెలుగొచ్చింది, ఇంటివాళ్లు తిరిగొచ్చారు.

నాలుగు వారాలకు టెంకలు ముదిరాయి. ఒక ఆదివారం తెల్లారుతుండగా నక్క పెరట్లోకి దర్జాగా నడిచొచ్చింది. గేదె పాలు పితుకుతున్న జకరయ్య గారు కర్ర అందుకున్నారు. రెండు దెబ్బలు తిని, కంచె దూకి, “పండగ పూట ఈయన ఇంట్లో ఏం చేస్తున్నాడు?” అని నక్క మొత్తుకుంది.

“పండగ వెళ్లి నెలయింది,” అంది గేదె. “ఆ రోజు పెరట్లో కుక్క కూడా లేదు. సుబేదారు నీకు ముందే చెప్పాడు కదా.”

నక్క జామచెట్టు కింది తెల్లరాయి వైపు చూసింది. దాని వెనక ఎర్రకోడి, పదకొండు పిల్లలూ నిలబడి ఉన్నాయి.

“నిజమే చెప్పాడా!” అంది నక్క.

మోసంతో బతికేవాడికి ఎదురుగా నిజం పెట్టినా పనికిరాదు.