నక్క అరిపించుకున్న పేరు

పొద్దున్నే కోతి డప్పు కొట్టి అడవంతా చాటింది. "ప్రజాదరణ ఎవరికి ఎక్కువో, వాళ్ళు సాయంత్రానికి పులిదొర గుహకు రావాలహో!"

పులి పిలుపు వింటూనే జింకలు పిల్లల్ని దగ్గరకు తీసుకున్నాయి. నక్క చిట్టెన్నకు మాత్రం నోరూరింది. ఎన్నాళ్ళని ఎంగిలి ఎముకలు నాకడం, పులి మంత్రి కోసమే వెతుకుతోంది, ఇక ఆ పదవి తనదే అనుకున్నాడు. కాకపోతే ప్రజాదరణ అన్న మాటకు అర్థం తెలియదు. మడుగు గట్టున తాబేలవ్వ దగ్గరకు పోయాడు.

"అవ్వా, ప్రజాదరణంటే ఏంది? యాడ దొరుకుతుంది?"

"ప్రజలు మనసారా ఆదరిస్తే అదే ప్రజాదరణ నాయనా. వాళ్ళ మనసులోనే పుట్టాల, ఇంకెక్కడా దొరకదు. అయినా పులికి దాంతో ఏం పనో కనుక్కున్నావా?"

"నీకెందుకులే అవ్వా ఆ గొడవ," అని తోక ఝాడించి వెళ్ళిపోయాడు.

మనసారా ఆదరించడానికి వాడు వెలగబెట్టిందేముంది గనక? నేరుగా కుందేళ్ళ దగ్గరకూ జింకల దగ్గరకూ పోయాడు. "నా పేరు చెప్పి జేజేలు కొట్టండి. కొట్టనోళ్ళ పిల్లలు ఏ పొదలో ఉన్నారో పులికి చెప్తా." పాపం, పిల్లలున్న తల్లులు ఏం చేస్తాయి? గొంతు చించుకుని అరిచాయి.

సాయంత్రం వాళ్ళను వెంటబెట్టుకుని వచ్చి, బయటే నిలబెట్టి చిట్టెన్న గుహలోకి అడుగుపెట్టాడు. లోపల పచ్చినెత్తురు వాసన. వెనక్కి చూస్తే గుమ్మానికి అడ్డంగా రెండు చిరుతలు కూర్చుని ఉన్నాయి.

"రా చిట్టెన్నా," అంది పులి నింపాదిగా. "నా అడవిలో జనం నోట నా పేరు తప్ప ఇంకో పేరు వినపడకూడదు. అందుకే ఆ రెండోవాడెవడా అని వెతికిస్తున్నా."

బయట జేజేలు ఇంకా ఆగలేదు. పొద్దున తీయగా వినిపించిన తన పేరుకే ఇప్పుడు ఒళ్ళు జలదరించింది.

"ఒట్టు దొరా, నేనంటే వాళ్ళకు గిట్టదు. నేను బెదిరిస్తే అరుస్తున్నారు, అంతే."

పులి లేచి నిలబడింది. "జనాన్ని బెదిరించే పని నాది కదరా. అదీ నువ్వే చేస్తున్నావా?"

ముందు నుయ్యి, వెనక గొయ్యి.

గుహలోంచి వచ్చిన చిట్టెన్న చావుకేక విని బయట జేజేలు ఆగిపోయాయి. అందరూ పొదల్లోని పిల్లల్ని వెంటబెట్టుకుని మెల్లగా ఇళ్ళకు పోయారు. వాడి కోసం కన్నీరు పెట్టినవాళ్ళు ఒక్కరూ లేరు.

బెదిరించి పేరు తెచ్చుకోవడమంటే, కొరివితో తల గోక్కోవడమే.