ఇంట్లో ఏ ఇబ్బందీ లేదు సార్

విశాఖపట్నం నేవీ క్వార్టర్స్‌లో తవిటినాయుడు అనే నావికుడు ఉండేవాడు. పనిలో అతనికి వంక పెట్టేవాడు లేడు కానీ, ఇంటి కష్టం నలుగురికీ చెప్పుకుంటే పరువు పోతుందని అతని గట్టి నమ్మకం. ఓడలో ఇంజన్లు చూసుకునే ఉద్యోగం. భార్య పేరు ఝాన్సీ, ఆరేళ్ళ కూతురు పేరు చందన. చందనకు మూర్ఛరోగం. ఊళ్ళో ఒక డాక్టరు రాసిచ్చిన మాత్రలు పూట తప్పకుండా వేస్తే పిల్ల హాయిగా ఆడుకునేది. ఆ సంగతి గడప దాటనివ్వలేదు మన నాయుడు. నేవీ ఆసుపత్రిలో కూడా చూపించలేదు.

"ఒక్క చెవిన పడితే క్వార్టర్సంతా పాకుతాది. రేపు ఓడలో అందరూ నన్ను జాలిగా చూస్తారు" అనేవాడు. జాలి అంటే అతనికి ఒళ్ళు మంట.

బదిలీల కాలం వచ్చింది. ఎవరిని ఎక్కడికి పంపాలో తేల్చే ముందు కురియన్ అనే అధికారి ఒక్కొక్కరినీ పిలిచి ఇంటి పరిస్థితి అడిగేవాడు. పిల్లలకు వైద్యం జరుగుతుంటే అప్పుడే చెప్పుకోవాలి. అలాంటివాళ్ళను వీలైనంతవరకు పెద్ద ఆసుపత్రి ఉన్న చోటే ఉంచేవారు.

"ఈసారి సముద్రం మధ్య దీవిలో ఉన్న మన స్థావరానికి మనిషి కావాలి నాయుడూ. అక్కడ చిన్న వైద్యశాల తప్ప ఏమీ లేదు. నీకు ఇంట్లో ఇబ్బంది ఏమైనా ఉందా?" అని అడిగాడు కురియన్.

నాలుక చివరిదాకా వచ్చిన మాటను నాయుడు మింగేశాడు. "ఏ ఇబ్బందీ లేదు సార్" అన్నాడు.

విషయం విని ఝాన్సీ నిర్ఘాంతపోయింది. "అడిగినా చెప్పలేదేటండీ? పిల్లకి ఏటైనా అయితే ఆ దీవిలో మనకెవరున్నారు?"

"మాత్రలు ఎక్కువే కొనుక్కెళ్దాం. అయిపోయేలోపు పడవ మీద తెప్పిస్తాను. నువ్వు మాత్రం ఎవరితోనూ అనకు" అన్నాడు నాయుడు. అంతటితో ఆ మాట తేలిపోయిందనుకున్నాడు.

వాళ్ళు దీవికి చేరిన కొన్నాళ్ళకే అక్కడ వానాకాలం మొదలైంది. సముద్రం అల్లకల్లోలంగా ఉండి సరుకుల పడవ రావడం మానేసింది. నాయుడి ఓడ గస్తీకి వెళ్ళిపోయింది. డబ్బాలో మాత్రలు తగ్గుతుంటే ఝాన్సీ రెండు పూటల మందును ఒక పూటకు కుదించింది. తర్వాత సగం మాత్రే వేసింది. పక్కింటి దమయంతి "అలా ఉన్నావేం?" అని అడిగిన ప్రతిసారీ "ఏం లేదక్కా" అని నవ్వేది.

ఒక ఉదయం చందన పాలు తాగుతూ నేల మీద పడిపోయింది. కాళ్ళూ చేతులూ కొట్టుకోసాగాయి. ఎంతకీ ఆగలేదు. దమయంతి సాయంతో ఝాన్సీ పిల్లను వైద్యశాలకు ఎత్తుకెళ్ళింది.

"ఇదివరకు ఎప్పుడైనా ఇలా వచ్చిందా?" అని డాక్టరు అడిగాడు.

ఝాన్సీకి భర్త మాట అడ్డొచ్చింది. "లేదండీ, ఇదే మొదలు" అంది.

డాక్టరు ఒక సూది వేశాడు. గుణం కనబడలేదు. పురుగు కుట్టిందా, తిండిలో విషం కలిసిందా అని వెతకసాగాడు. పిల్ల పెదాలు నీలంగా మారుతున్నాయి. ఇక ఝాన్సీ వల్ల కాలేదు.

"అబద్ధం చెప్పాను బాబూ. దీనికి మూర్ఛరోగం ఉంది. మాత్రలు నిండుకున్నాయి" అని భోరుమంది.

ఏ మాత్రలో తెలిశాక డాక్టరు తగిన మందు ఎక్కించాడు. మూర్ఛ ఆగింది కానీ పిల్లకు తెలివి రాలేదు. వాన తెరిపి ఇవ్వగానే తల్లీబిడ్డలను హెలికాప్టర్‌లో తీరంలోని పెద్ద ఆసుపత్రికి పంపారు.

కబురు ఓడకు అందింది. ఒక్కడి కోసం ఓడ వెనక్కి తిరగదు. బిడ్డ ఉందో లేదో తెలియకుండా ఇంజన్ల హోరులో నిలబడి నాయుడు పడిన నరకం పగవాడికి కూడా వద్దు.

ఓడ తీరం చేరగానే ఆసుపత్రికి పరుగెత్తాడు. చందన బతికింది. తండ్రిని చూసి నవ్వి, ఎత్తుకోమని కుడిచెయ్యి ఒక్కటే చాపింది. ఎడమచెయ్యి పక్క మీద అలాగే పడి ఉంది.

కబురు విని విశాఖ నుంచి పలకరించడానికి వచ్చిన కురియన్ అక్కడే ఉన్నాడు. "ఇంజన్‌లో చుక్క నూనె కారినా పరుగున వచ్చి చెప్తావు. బిడ్డ సంగతి అడిగితే ఎందుకు చెప్పలేదు? నిన్ను విశాఖలోనే ఉంచేవాణ్ణి కదా" అన్నాడు. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

నాయుడు తల దించుకుని "తప్పంతా నాదే ఝాన్సీ" అన్నాడు.

"డాక్టరు దగ్గర కూడా నా నోరు కట్టేశారు మీరు. బిడ్డ ప్రాణం పోతున్నా ముందు మీ మాటే గుర్తొచ్చింది నాకు. అది నేనెలాగ మర్చిపోతాను?" అంది ఝాన్సీ.

వాళ్ళను మళ్ళీ విశాఖకే పంపారు, మంచి వైద్యం జరిగింది. అయినా ఎంతకీ ఆగని ఆ మూర్ఛకు చచ్చుబడిన చందన చెయ్యి కొంతవరకే బాగుపడింది.

పరువు కోసం మనం దాచిన కష్టం మనల్ని నమ్ముకున్నవాళ్ళ మీదే ముందుగా పడుతుంది. అడిగేవాళ్ళు ఉన్నప్పుడే నోరు విప్పి చెప్పుకోవాలి.