యముడి మీసానికి అంతరార్థం

చెన్నభూపతికి ప్రతిదానికీ అంతరార్థం కావాలి. పులుసులో ములక్కాడ అడ్డంగా తేలినా ఆస్థాన పండితుడు నరహరిశాస్త్రిని పిలిపించి భావం అడిగేవాడు. శాస్త్రిగారు చెప్పేవారు కూడా. ఆయన నోట 'తెలియదు' అన్న మాట ఎవరూ వినలేదు.

ఒకనాడు భాగోతులవాళ్లు కోటలో చిన్న ఆట ఆడారు. యముడి కొలువు. "దొంగతనం చేశాను" అని ఒప్పుకున్న దొంగను యముడు స్వర్గానికి పంపాడు. "జన్మలో అబద్ధమాడలేదు" అన్న మహాభక్తుడికి నరకం చూపించబోతుండగా యముడి మీసం ఊడి కింద పడింది. జనం పొట్టచెక్కలయ్యేలా నవ్వారు.

మర్నాడు సభలో అందరూ ఆ దొంగ, భక్తుడు, ఊడిన మీసం గురించే చెప్పుకుంటుండగా రాజు అడిగాడు.

"శాస్త్రిగారూ, ఆ ఆటకు అంతరార్థం ఏమిటి? బాగా చెబితే ఈ పట్టుశాలువా మీదే."

"అది ఆట కాదు మహారాజా, అపచారం. దొంగకు స్వర్గమా, భక్తుడికి నరకమా? పైగా మీసమంటే ధర్మం. ఏలినవారి ఎదుట ధర్మం నేలరాలిందంటే మీ పాలనను వెక్కిరించినట్టే. ఆ వేషగాడికి గుండు కొట్టించి, మేళాన్ని పొలిమేర దాటించాలి."

యముడి వేషం కట్టిన ఎల్లమంద, ఊడిన మీసం చేత్తో పట్టుకుని సభ మధ్యకు వచ్చాడు.

"చెమటకి జిగురు వదిలేసింది దొరా. అర్థాలు నాకేం తెలుసు? ఎల్లగొడితే మా పిల్లాజెల్లా ఏం తింటారు?"

రాజుకు జిగురు నచ్చలేదు. అందులో అంతరార్థం లేదు మరి.

రాజు వెనక తాంబూలపు పెట్టె పట్టుకుని నిలబడేవాడు తిప్పన్న. నిన్న తను శాస్త్రిగారికి చుట్టి ఇచ్చిన తాంబూలం ఆట అయ్యేదాకా ఆయన చేతిలోనే వాడిపోవడం అతను చూశాడు.

"ప్రభూ, నేరం చేసింది యముడు కదా. శిక్ష వేసేముందు ఇతనికి మీసం పెట్టనివ్వండి" అన్నాడు తిప్పన్న.

రాజు నవ్వి సరేనన్నాడు. తిప్పన్న ఎల్లమందను స్తంభం చాటుకు తీసుకెళ్లి మీసం అతికించి తెచ్చాడు. తర్వాత శాస్త్రిగారి వైపు తిరిగి వినయంగా చేతులు కట్టుకున్నాడు.

"నాదో చిన్న సందేహమండీ. భక్తుణ్ణి చూసి యముడి దున్నపోతు మూడుసార్లు తల వంచింది కదా. దాని భావం?"

శాస్త్రిగారు గొంతు సవరించుకున్నారు. మొదటి వంపు కర్మ అన్నారు. రెండోది భక్తి, మూడోది జ్ఞానం. రెండు కొమ్ములూ ద్వైతం, ఒక్క తోకా అద్వైతం. ఆయన గిట్టల దగ్గరికి వచ్చేసరికి మంత్రిగారు రెండుసార్లు ఆవులించారు.

రాజు చెయ్యెత్తి ఆపాడు.

"శాస్త్రిగారూ, దున్నపోతు వేషగాడికి జ్వరమొచ్చి నిన్న యముడు నడిచే వచ్చాడు. మీరు నిద్రపోయారా?"

"నిద్రా? కన్నార్పకుండా చూశాను మహారాజా."

టప్పున ఎల్లమంద మీసం ఊడి శాస్త్రిగారి పాదాల దగ్గర పడింది.

సభ గొల్లుమంది. పై పెదవి భగ్గున మండుతున్నా ఎల్లమంద కూడా నవ్వాడు.

"ఇదేం మహిమరా తిప్పన్నా?" అన్నాడు రాజు.

"మహిమ కాదు ప్రభూ. జిగురుకు బదులు నా పెట్టెలోని తడిసున్నం రాశాను. ఆరితే రాలిపోతుంది."

"ఆరేదాకా ఎవరు ఆగుతారనుకున్నావు?"

"అందుకేగా ప్రభూ, శాస్త్రిగారిని అర్థం చెప్పమన్నాను."

రాజు కళ్లు తుడుచుకుంటూ పట్టుశాలువా తీసి తిప్పన్న భుజాన కప్పాడు. ఎల్లమంద మేళాన్ని ఆ సాయంత్రమే మళ్లీ ఆడమన్నాడు. ముందు వరసలో శాస్త్రిగారికి పీట వేయించాడు, ఆనుకోవడానికి ఏమీ లేకుండా.